మా ఇంట్లో ఒంటిపూట బడి

పిడుగురాళ్ల,
మే నెల, శుక్రవారం.

అమ్మలాంటి అక్కకు చెల్లెలు జాన్‌బీ సలాములు. బావగారికీ నా సలాములు చెప్పు. ఇక్కడ నేనూ, నీ మరిదిగారూ, పిల్లలిద్దరూ అల్లా దయవల్ల బాగున్నాం. బాగున్నాం అంటే ఉత్తరాల్లో ఊరికే రాసే బాగున్నాం కాదు, నిజంగానే బాగున్నాం. నీ బి.పి. ఎలా ఉంది? మాత్రలు రోజూ వేసుకుంటున్నావా, లేక తల తిరిగిన రోజునే గుర్తొస్తున్నాయా? బావగారి మోకాలికి ఆ నూనె పనిచేసిందా? షాహీనాకు ఒంగోలులో అత్తగారిల్లు అలవాటైందా? కూతురికి పెళ్లి చేసి పంపాక ఇల్లు బోసిపోయిందని నువ్వు రాసిన ముక్క చదివి ఆ పూట నాకు అన్నం సయించలేదు.

నీ ఉత్తరం అందింది. రేష్మాని నీ దగ్గరికి పంపమన్నావు. అద్దంకిలో దాని పాత స్కూల్లోనే ఆరో తరగతిలో చేర్పిస్తానని, బళ్లు తెరిచేలోపు బావగారిని పంపుతానని రాశావు. నేను పంతులమ్మగిరీ, వంటా, సంసారమూ అన్నీ నెత్తినేసుకుని చిక్కి సగమయ్యానని షాహీనా నీకు చెప్పిందట. దాని నోట్లో నువ్వుగింజ నానదు. నీ మాటకు నా జవాబు ఈ ఉత్తరం చివర ఉంది. ఏ ఉత్తరమైనా కిందనుంచి చదవడం నీకు అలవాటని నాకు తెలుసు. నా మీద ఒట్టు, ఈ ఒక్కదాన్నీ పైనుంచి చదువు. ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ, ఎస్టీడీ బూత్‌లో ఆ అద్దాల పెట్టెలో నిలబడి మీటరు వంక చూస్తూ మాట్లాడితే చెప్పాలనుకున్నది ఒక్కటీ నా నోటికి రాదు.

ముందు ఊరి సంగతి. ఇక్కడి ఎండ గురించి ఏం రాయను! అద్దంకిలో ఉత్త ఎండే. ఇక్కడ ఎండకు తోడు సున్నం బట్టీల పొగ. ఆరేసిన నల్లచీర సాయంత్రానికి బూడిదరంగు చీర అయిపోతుంది. నీ మరిదిగారికి పొద్దున సున్నంతో, మధ్యాహ్నం దూదితో మీసాలు తెల్లబడి, దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చేసరికి మా మామగారే వచ్చారేమోనని చెంగు సర్దుకుంటాను. నీళ్లు ఉప్పన. పప్పు ఎంత ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. నీ చేతి గోంగూర పప్పు కలలోకి వస్తోంది. కానీ దుకాణం బాగా నడుస్తోంది అక్కా. అద్దంకిలో రబ్బరు పరుపులొచ్చాక దూది ఏకే మిషను మూలపడింది గదా, ఇప్పుడది పొద్దున మొదలెడితే సాయంత్రం దాకా ఆగదు. పెళ్లిళ్ల సీజను, అందరికీ పరుపులూ దిండ్లూ కావాలి. రోడ్డు మీదే షాపు, వెనకాల రెండు గదుల ఇల్లు. మనుషులు కూడా మంచివాళ్లు. కాస్త అరుస్తారు, అంతే. మా ఇంటి ఓనరు ఆదెమ్మ పిన్ని మొదట్లో పలకరిస్తే, తిడుతోందేమోనని పిల్లలు నా వెనక దాక్కునేవాళ్లు.

ఇక అసలు కథ. ఏడాది మధ్యలో పిల్లల్ని కదపొద్దు, సెలవులిచ్చేదాకా నా దగ్గర వదిలివెళ్లు అని దసరాకి మేం అద్దంకి వదిలేటప్పుడే నువ్వు చెప్పావు. నేను వినలేదు. ఇక్కడికొచ్చి ఇంగ్లీషు మీడియం స్కూలుకెళితే ప్రిన్సిపాల్ మేడం ఏడాది మధ్యలో చేర్చుకోవడం కుదరదన్నారు. వేసవిలో పరీక్ష పెడతారట, నెగ్గితే పై క్లాసు, లేదంటే పాత క్లాసే మళ్లీ. "సర్కారు బడిలో వేద్దాం, రేపే చేర్చుకుంటారు" అన్నారు నీ మరిదిగారు. ఇన్నేళ్లు ఇంగ్లీషులో చదివి ఇప్పుడు మారిస్తే అటూ ఇటూ కాకుండా పోతారని నా భయం. పెళ్లికి ముందు రెండేళ్లు కాన్వెంటులో ఎల్‌కేజీ పిల్లలకు పాఠాలు చెప్పిన గర్వం ఒకటుంది గదా నాకు. "నా పిల్లలకు నేను చెప్పుకోలేనా?" అన్నాను.

అలా మా ముందు గదిలో బడి పెట్టాను. పెట్టినదాన్ని ఊరుకున్నానా? కాన్వెంటులో ఏమేం ఉండేవో అన్నీ ఉండాల్సిందే అన్నాను. స్టీలు పళ్లెం మీద గరిటెతో గంట కొట్టేదాన్ని. పొద్దున ప్రేయరు. ఇద్దరే పిల్లలు, అయినా ఎత్తు ప్రకారం వరసలో నిలబడాలి. హాజరు పిలిస్తే "ప్రెజెంట్ టీచర్" అనాలి. బడి వేళల్లో నన్ను అమ్మా అని పిలవకూడదు, టీచర్ అనే పిలవాలి. అలా అయితేనే భయం ఉంటుందని నా తెలివి.

రేష్మాని క్లాసు లీడర్ని చేశాను. నేను వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా ఎవరు మాట్లాడారో బోర్డు మీద పేర్లు రాయాలి. క్లాసులో ఉన్నదే ఇద్దరు, రాసేది రేష్మా. ఇక ఎవరి పేరుంటుందో చెప్పు. వెళ్లినప్పుడల్లా బాజీ, బాజీ, బాజీ. "నేనెవరితో మాట్లాడానే? నీతోనే గదా! నీ పేరు కూడా రాయి" అని వాడి ఏడుపు. న్యాయంగానే ఉంది వాడు చెప్పింది, కానీ టీచర్‌ని గదా, లీడర్ వైపే మాట్లాడాను. నెలకో పరీక్ష, ర్యాంకులు. పెద్దదానికి ఫస్ట్ ర్యాంకు, చిన్నవాడికి సెకండ్ ర్యాంకు. సెకండ్ వచ్చిందని వాడు మొదటి నెల వీధంతా చెప్పుకున్నాడు. రెండో నెలలో ఎదురింటి వాళ్లెవరో "మీ క్లాసులో ఎందరురా?" అని అడిగారు. అంతే, ఆ రోజు నుంచి ర్యాంకు అన్న మాట వింటే చాలు, వాడికి కడుపునొప్పి.

నవ్వకు, పేరెంట్స్ మీటింగ్ కూడా పెట్టాను. నీ మరిదిగారు తల నిండా దూదితో అన్నానికొస్తే, "కూర్చోండి, మీ అబ్బాయి గురించి మాట్లాడాలి" అన్నాను. ఆయన నన్నో చూపు చూసి, చేతులు కట్టుకుని పీట మీద కూర్చున్నారు. బాజీ లెక్కల్లో ఎంత వెనకబడ్డాడో, ఎంత అల్లరి చేస్తున్నాడో అన్నీ చెప్పాను. అంతా విని ఆయనేమన్నారో తెలుసా?

"పిల్లల సంగతులన్నీ మా ఆవిడే చూసుకుంటుందండి మేడం. నాకంటే ఆమెతో మాట్లాడితే మంచిది. ఎక్కడుందో గానీ ఈ మధ్య నాక్కూడా కనపడటం లేదు."

ఆయన సరదాకే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండి మజ్జిగ పోయకుండా లేచి వెళ్లిపోయాను. తర్వాత ఆలోచిస్తే ఆ మాట నిజమే అనిపించింది.

ఎందుకంటే అప్పటికి నా పని అయిపోయింది అక్కా. తెల్లవారకముందే లేచి వంట, తర్వాత బడి, మధ్యాహ్నం గిన్నెలు, మళ్లీ బడి, చీకటి పడ్డాక హోంవర్కు. బడి పెట్టింది నేనే, హోంవర్కు ఇచ్చింది నేనే, దగ్గర కూర్చుని చేయించేదీ నేనే, తెల్లారి దిద్దేదీ నేనే. గొంతు బొంగురుపోయింది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని, లేకపోతే అసలు వేసేదాన్నే కాదు. ఒకరోజు ఇంగ్లీషు డిక్టేషన్ చెబుతూ కూర్చున్నచోటే కునుకు తీశాను. మెలకువ వచ్చి నోట్సు చూస్తే, రేష్మా పొందికగా ఎలిఫెంట్, అంబ్రెల్లా రాసి, వాటి కింద కందిపప్పు, మినప్పప్పు, సబ్బు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టింది. నిద్రలో కూడా నా నోరు ఆగలేదన్నమాట! ఇప్పుడు తలుచుకుంటేనే నవ్వొస్తోంది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. స్పెల్లింగులు తప్పని రేష్మాని కోప్పడ్డాను.

మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులవి. ఒకరోజు మధ్యాహ్నం బాజీ వాచకం మూసి, లేచి నిలబడి, చెయ్యెత్తాడు.

"టీచర్, నేను ఇంటికెళ్లొస్తానండి."

"ఇదే గదరా ఇల్లు!"

"కాదండి, ఇది స్కూలండి."

"ఇంటికెళ్లి ఏం చేస్తావు?"

"మా అమ్మని చూడాలండి."

వాడు వేళాకోళం ఆడటం లేదు అక్కా. కళ్లనిండా నీళ్లు. వాడికి పొద్దుటి నుంచీ ఒళ్లు వెచ్చగా ఉందట. టీచర్‌కి చెబితే తిడుతుందని, అమ్మకైతే చెప్పుకోవచ్చని అనుకున్నాడట. అమ్మేమో ఏ పూటా దొరకడం లేదాయె. నేను పుస్తకం అక్కడే పడేసి వాణ్ని ఒళ్లోకి తీసుకున్నాను. "టీచర్ వెళ్లిపోయిందిరా, అమ్మ వచ్చింది" అన్నాను. వాడు నా మెడ పట్టుకుని వదల్లేదు. రేష్మా కూడా వచ్చి ఇటుపక్కన అతుక్కుంది. లీడర్ ఏడవకూడదని అంతవరకూ ఆపుకుందేమో, తమ్ముడికంటే ఎక్కువ ఏడ్చింది. ముగ్గురం కలిసి బావురుమన్నాం. మా ఏడుపులు విని ఏదో కొంప మునిగిందనుకుని ఆదెమ్మ పిన్ని చీపురు పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"ఏందే, ఏమైందే? ఎవరికేమైందే?"

జరిగిందంతా చెప్పాను. ఆమె చీపురు కింద పెట్టి, నడుమున చేతులేసుకుని నా మీద అరిచిన అరుపు మీ అద్దంకి దాకా వినపడి ఉంటుంది.

"ఎద్దులకైనా పొద్దెక్కేసరికి కాడి దించుతాం గదే! నీకు నువ్వే కాడేసుకుని, నీకు నువ్వే ముల్లుగర్రతో పొడుచుకుంటన్నావేందే పిల్లా? ఎట్టా బతుకుతావే? మజ్జేనానికల్లా ఆ బడి మూసెయ్. మూసేసి మా కళ్లానికి రా. మిరగాయల తొడిమలు తీద్దువుగాని."

"పిల్లల చదువో పిన్నీ? పరీక్ష నెగ్గకపోతే ఏడాది పోతుంది" అన్నాను.

"పోతే ఏడాది పోద్ది. నువ్వు పోతే?"

మర్నాటి నుంచి మా ఇంట్లో ఒంటిపూట బడి. సర్కారు ఎండలు ముదిరాక పెడుతుంది, మేం చలి ఉండగానే పెట్టేశాం. గంట లేదు, ప్రేయరు లేదు, ర్యాంకులు లేవు. ర్యాంకులు తీసేశానని చెప్పగానే బాజీ కడుపునొప్పి మందు లేకుండానే తగ్గింది. పళ్లెం మళ్లీ అన్నం తినడానికి వచ్చింది. పొద్దున చల్లగా ఉన్నంతసేపు పక్కపక్కన కూర్చుని చదువుకుంటాం. నాకు తెలియనిది వస్తే తెలియదనే చెబుతాను, ముగ్గురం కలిసి పుస్తకంలో వెతుక్కుంటాం. ఆయన అన్నానికి రాగానే పుస్తకాలు గూట్లోకి. శుక్రవారం ఆయన నమాజుకు వెళ్లే రోజు గనక సెలవు కావాలన్నారు పిల్లలు. ఆదివారం అందరికీ సెలవే గనక అదీ కావాలన్నారు. సరే పొమ్మన్నాను.

మధ్యాహ్నం పిల్లల్ని నీ మరిదిగారికి అప్పజెప్పాను. ముందు, "షాపులో పనెట్టా సాగుద్దే జానూ?" అని గునిశారు. నేను విననట్టే చెప్పులేసుకున్నాను. ఇప్పుడు ఆయనే వాళ్లకోసం ఎదురుచూస్తారు. రేష్మా పరుపుల కొలతలు రాస్తుంది, గుడ్డ ఎంత పడుతుందో లెక్కకడుతుంది. బాజీ దిండ్లను జతలు జతలుగా పేర్చి రెండో ఎక్కం నేర్చాడు. మూడో ఎక్కానికి మాత్రం దిండ్లు కుదరవట, ఎవరూ మూడేసి కొనరట, అందుకని అది ఇంకా సరిగా రాలేదు.

నేను కళ్లంలో కూర్చుంటాను. నిన్ను ఒక్కసారి తీసుకెళ్లి చూపించాలని ఉంది అక్కా. నేలంతా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. చింతచెట్టు నీడలో ఆడవాళ్లం గుండ్రంగా కూర్చుని తొడిమలు తీస్తాం, రంగు పోయిన తాలుకాయలు వేరు చేస్తాం. మొదటి రోజు తుమ్మలేక చచ్చాను. చేతులు భగ్గుమని మండాయి. ఆదెమ్మ పిన్ని పెరుగు రాసి, "మొదట్లో అందరికీ ఇంతేలే" అంది. ఇప్పుడు అలవాటైపోయింది. అక్కడ నేను ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదు. ఎవరి నోట్సూ దిద్దక్కర్లేదు. ఒకావిడ అత్తని వెక్కిరిస్తే ఇంకొకావిడ మొగుణ్ని వెక్కిరిస్తుంది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. నేనూ నీ గురించి రెండు మూడు చెప్పాను, ఏమనుకోకు. నువ్వు నాకు జడ వేస్తూ నిద్రపోయి, చివరికి నీ కొంగు కూడా కలిపి అల్లేసిన సంగతి చెబితే ఆదెమ్మ పిన్ని కాయలగుట్ట మీద వెనక్కి పడి నవ్వింది. సాయంత్రం ఇంటికొస్తే పిల్లలు ఎదురొస్తారు. పొద్దున చూసిన మొహాలే అయినా, ఊరినుంచి వచ్చినవాళ్లను చూసినంత సంబరంగా ఉంటుంది.

అయినా భయం పోలేదు. రోజంతా అరిచి చెబితేనే అంతంతమాత్రంగా వచ్చిన చదువు ఒంటిపూటకు వస్తుందా? నా సుఖం చూసుకుని పిల్లల ఏడాది పాడుచేస్తున్నానేమో అనిపించేది. సరిగ్గా అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. నిజం చెబుతున్నాను అక్కా, చదవగానే మనసు నీ మాట వైపే మొగ్గింది. ఆయనతో, "రేష్మానైనా పంపేద్దామండి, దాని చదువైనా బాగుంటుంది" అన్నాను కూడా. రేష్మా అది విని, "పెద్దమ్మ దగ్గరికి సెలవులకు వెళతానమ్మా, ఉండిపోవడానికి కాదు" అంది. పరీక్ష అయ్యాక చూద్దాం, నెగ్గకపోతే మాత్రం పంపడమే అని మనసులో అనుకున్నాను.

మొన్న బుధవారం పరీక్ష. ఆయన షాపు మూసి మరీ వచ్చారు. రేష్మా గురించి నాకంత బెంగ లేదు, చకచకా రాసేసింది. బాజీని మేడం దగ్గర కూర్చోబెట్టుకుని నోటితోనే అడిగారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"వాట్ ఈజ్ యువర్ ఫాదర్?" అన్నారు మేడం.

"మై ఫాదర్ ఈజ్ మేకింగ్ బెడ్స్ అండ్ పిల్లోస్, మేడం" అన్నాడు. నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. అక్కడితో ఆగితే వాడు బాజీ ఎందుకవుతాడు? మేడం కుర్చీలోని దిండుని తేరిపార చూసి, "మేడం, యువర్ దిండు ఈజ్ ఉండలు ఉండలు. గివ్ మై ఫాదర్. హీ విల్ ఏకుతాడు" అన్నాడు.

భూమి చీలితే బాగుండుననిపించింది. మేడం లేచి దిండు తీసి నొక్కి చూసుకుని, "అందుకేనా నాకీ నడుంనొప్పి!" అని పకపకా నవ్వారు. మూడో ఎక్కం దగ్గర వాడు తడబడినా రెండుసార్లు ఆలోచించి చెప్పాడు. కథ చదవమంటే గడగడా చదివాడు. చివరికి మేడం నన్ను లోపలికి పిలిచి, "ఇద్దర్నీ పై క్లాసుల్లోనే చేర్చుకుంటాం. వీడికి లెక్కలు కొంచెం చూడాలి. ఇంట్లో రోజంతా చెప్పేవారా?" అన్నారు.

ఒంటిపూటే అని చెప్పడానికి నాకు సిగ్గేసింది. నేను నీళ్లు నములుతుంటే రేష్మా అందుకుంది. "పొద్దున చెబుతుందండి. మధ్యాహ్నం మా అమ్మ మిరపకాయలు తీసి నవ్వుకోవడానికి వెళుతుందండి" అంది. మేడం కళ్లజోడు తీసి నా వంక చూశారు. తర్వాత చిన్నగా, "అరిచి అరిచి నా గొంతు కూడా పోయింది. వచ్చే ఏడాది కోతలప్పుడు నన్నూ తీసుకెళతారా?" అన్నారు. తీసుకెళతానన్నాను. ఇంటికొచ్చేదాకా మేం నలుగురం నడుస్తున్నామో ఎగురుతున్నామో మాకే తెలియలేదు. ఆదెమ్మ పిన్ని వీధి వీధంతా వినపడేలా అరిచి అందరికీ చెప్పింది. నేను సేమియా పాయసం చేశాను. చక్కెర ఒక్కసారే వేశాను.

షాహీనాకు నా దీవెనలు. నాకు కోపం లేదని చెప్పు. పెద్దవాళ్లందరికీ మా నలుగురి సలాములు. ఎవరైనా ఇటొస్తుంటే నీ చేతి చింతకాయ తొక్కు ఒక సీసా, నా పాత ఇంగ్లీషు గ్రామరు పుస్తకం పంపు. మంచి ఎండుమిరపకాయలు నీకోసం ఒక సంచి ఎత్తిపెట్టాను, తొడిమలు నేనే తీశాను.

ఇక నీ మాటకు జవాబు. రేష్మాని పంపను అక్కా.

నీకు కోపం వస్తుందని తెలుసు. కోపం కంటే బాధ ఎక్కువ వస్తుందనీ తెలుసు. చదువు కోసమే పిలిచావు గానీ, ఆ ఇంట్లో పిల్ల గొంతు వినపడాలని కూడా నీకు ఉంది. అది నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. అందుకే ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్ని కాయితాలు పట్టాయి.

అమ్మ పోయినప్పుడు నేను ఇప్పటి బాజీ కంటే చిన్నదాన్ని. చీరాల పిన్ని మంచి మనసుతోనే వచ్చి, నన్ను పెంచుకుంటానని నా గౌన్లు మూటకట్టింది. నాన్న సరేనన్నాడు. చుట్టాలందరూ అదే మంచిదన్నారు. అప్పటికి నువ్వూ చిన్నపిల్లవే, అన్నం వార్చడం కూడా సరిగా రాదు. ఎవరూ నిన్ను అడగలేదు. నువ్వు వచ్చి ఆ మూట విప్పి, ఒక్కో గౌనూ దులిపి మళ్లీ దండెం మీద వేశావు. "నాకు చాతనయినట్టు పెంచుకుంటా పిన్నీ. ఇది మాత్రం నా దగ్గరే ఉంటది" అన్నావు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఆ రోజు నాకు కలిగిన ధైర్యం ఇన్నేళ్లలో ఇంకెప్పుడూ కలగలేదు. ఆ మాటే ఇప్పుడు నేను నీతో అంటున్నాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానని నన్ను అడగకు.

బావగారిని తప్పకుండా పంపు, రేష్మాని తీసుకెళ్లడానికి కాదు, నిన్ను ఇక్కడికి తీసుకురావడానికి. ఉన్నన్నాళ్లు ఉండు. మా కోసం దువా చెయ్యి.

ఎందరు అడిగినా నువ్వు ఎవరికీ ఇవ్వని
నీ చెల్లెలు,
జాన్‌బీ